మెడలో పలుకు కట్టిన పాకం

మా బావ అప్పలనాయుడు మునగపాకలో బెల్లం వండుతాడు. పెనం దించే వేళయిందో లేదో తేల్చేది ఆయన వేళ్లే. నీళ్ల గిన్నెలో పాకం చుక్క వేసి, ఉండ చేసి చూసి చెబుతాడు. ఈసారి గానుగ మొదలయ్యాక ఆయన మెడ బిగుసుకుపోయింది. జ్వరం తగిలింది. వేళ్లు మొద్దుబారి, వేడి తెలియక బొబ్బలెక్కించుకున్నాడు. ఒక పెనం మాడిపోయాక మా అక్క ఫోన్ చేసి, "మీ బావని వైజాగ్ తీసుకెళ్లరా" అని ఏడ్చింది.

పొద్దున్నే అనకాపల్లి స్టేషన్‌కి చేరాం. రైలు లేటు. "డాక్టరమ్మ ముందర మాసిన గెడ్డంతో కూకోమంతావేటి?" అంటూ బావ ఎదురుగా ఉన్న సెలూన్లో దూరాడు. గడ్డం గీయడం అయ్యాక మెడ విరవడం మా వైపు మామూలే. సెలూన్ అతను గడ్డం కింద చెయ్యి వేసి, "మెడ పట్టేసినట్టుంది నాయుడుగోరూ, ఒక్క విరుపు విరిత్తే ఎగిరిపోద్ది" అన్నాడు. బావ కళ్లు మూసుకుని సిద్ధమైపోయాడు. అంతలో రైలు కూత వినపడింది. నేను ఆయన్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. "అయిన పని సెడగొట్టేవు గదరా!" అని రైల్లో నన్ను తిడుతూనే ఉన్నాడు.

తాడి స్టేషన్లో ఎక్కిన ఒక పెద్దావిడ మా చేతుల్లో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పోసింది. బావ ఒలవబోతే కాయలన్నీ జారి కింద పడ్డాయి. "ఇలాగియ్యి బాబూ" అని ఆవిడే ఒలిచిపెట్టింది. బావ కిటికీ వైపు తిరిగి, "ఏళ్లు పోతే నానేటికి పనికొత్తాన్రా?" అన్నాడు. నేను వంగి కింద పడ్డ కాయలు ఏరాను.

వైజాగ్ ఆసుపత్రిలో ఓపీ చీటీ కోసం వరస పొడుగ్గా ఉంటుంది, పెందరాళే వెళ్లండి. క్యాంటీన్ ఇడ్లీ గట్టిదే, సాంబారు పోసుకుంటే దిగుతుంది. రక్తపరీక్షలూ స్కాన్లూ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. డాక్టరమ్మ బొమ్మ చూపించి చెప్పింది: "రెండో మెడపూస మీద మేకులాంటి ఎముక ఉంటుంది. దాని చుట్టూ కాల్షియం స్ఫటికాలు పేరుకున్నాయి. అవీ, ఆ వాపూ కలిసి వెన్నుపామును ఒత్తుతున్నాయి."

"పాకం పలుకు కట్టినట్టా అమ్మా?" అన్నాడు బావ.

"సరిగ్గా అలాగే."

"అయితే బెల్లం తినడం వల్లేనా?" బావ మొహం వాడిపోయింది.

"బెల్లానికీ దీనికీ సంబంధం లేదండీ." బావ వదిలిన నిట్టూర్పు పక్క గదికి కూడా వినబడి ఉంటుంది. "ఇంతకీ ఎవరిచేతా మెడ విరిపించలేదు కదా? ఇలాంటి మెడని విరిస్తే ప్రాణానికే ముప్పు."

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. లేటుగా వచ్చిన రైలుకి మనసులోనే దండం పెట్టాను.

చేతుల్లో బలం ఉంది కాబట్టి ముందు మందులూ, మెడపట్టీ అన్నారు. స్ఫటికాలు కరగవు గానీ వాపు తగ్గుతుందట. వేళ్లకు స్పర్శ రాకపోతే ఆపరేషనేనట. బావ వార్డులో, నేను వెనక వీధి లాడ్జిలో. రెండో రోజుకే జ్వరం జారిపోయింది. మెడనొప్పి తగ్గింది. వేళ్ల సంగతి మాత్రం అడిగితే బావ మాట దాటేసేవాడు.

వారం తిరక్కుండానే ఇంటికి పంపారు, మళ్లీ చూపించుకోమని చెప్పి. అనకాపల్లిలో దిగగానే సెలూన్ అతను కేకేశాడు. బావ మెడపట్టీ రెండు చేతులతో పట్టుకుని, "నీకో దండం బాబూ!" అని ఆటో ఎక్కేశాడు. మీకు నేను చెప్పేదీ అదే: మెడనొప్పికి జ్వరమో తిమ్మిరో తోడైతే మెడను ఎవరి చేతికీ ఇవ్వకండి.

మునగపాక పొలిమేరలో బెల్లం వాసన తగలగానే బావ ఆటో ఆపించాడు. పెనం దగ్గరి వాళ్లంతా లేచి నిలబడ్డారు. వంగకూడదు కాబట్టి గిన్నెనే పైకి తెమ్మని, అందులో పడ్డ పాకాన్ని పూర్తిగా చల్లారకముందే వేళ్ల మధ్యకు తీసుకుని ఉండ చేశాడు. అందరూ ఆయన వేళ్లకేసే చూస్తున్నారు.

"అమ్మో, సుర్రుమన్నాది!" చెయ్యి విదిలించి, కళ్లనీళ్లతో నవ్వుతూ వేళ్లు నా వైపు చూపించాడు. "కాలింది రా బామ్మర్దీ, కాలింది! ఏటలా సూత్తారు, పెనం దించండెహె!"