ట్యాంకు తిరిగి ఊదిన రాత్రి

కల్పించి చెప్పడం నాకు చేతకాదు. ఈపూరులో పొలాలు కొలిచి లెక్క కట్టేవాణ్ణి, నా మాటలో తేడా ఉండదని ఎవరినడిగినా చెబుతారు. అయినా ఈ ఒక్క లెక్క ఇప్పటికీ కుదరలేదు. ఇదిగో, చెబుతుంటేనే... రోమాలు లేచాయి, చూడండి.

మిరపకాయల రోజులు. కల్లంలో తొడిమలు తీసి వచ్చిన మా ఆవిడ మంగకు రాత్రి ఆయాసం ఎత్తుకుంది. పీల్చే మందు అయిపోయింది. ఆటో దొరకలేదు. బండెక్కించుకుని నరసరావుపేట ఆసుపత్రికి బయలుదేరాను. పెట్రోలు చాలినంత ఉంది. ఉన్నా... దిగితేనే కదా. తుప్పు పట్టకుండా ట్యాంకు లోపల పూయించిన లైనర్ కొన్నాళ్లుగా పొరలు పొరలుగా ఊడి, పెట్రోలు దారికి అడ్డం పడుతోంది.

ఊరు దాటాం. పొలాల మధ్య బండి దగ్గింది... ఆగిపోయింది.

"ఏందయ్యా... మళ్ళీనా," అంది మంగ. మాటకూ మాటకూ నడుమ గుండెల్లోంచి ఈల. కుయ్... కుయ్.

"ఊదితే పోద్దిలేవే."

"ట్యాంకు మార్చమని... చెప్పి చెప్పే... నా ఊపిరి అయిపోయింది."

మా వైపు అందరూ చేసేదే. ట్యాంకు మూత తీయాలి. కింద పైపు ఊడదీసి నోట్లో పెట్టుకుని ఊదాలి. అడ్డం పడ్డ పొర పైకి తేలుతుంది. ఫోను లైటు మంగ చేతికిచ్చి ఊదాను. లోపల బుడబుడ... ఆపాను.

అప్పుడు... లోపలి నుంచి నా నోట్లోకి ఊపిరి వచ్చింది.

గాలి కాదు. ఊపిరి. వెచ్చగా... తడిగా. పెట్రోలు వాసన లేదు. ఎండుమిరప ఘాటు.

మూత తీసే ఉంది. నేను ఊదిన గాలి పైకి పోవాలి. వెనక్కి తోసేంత ఒత్తిడి ఎక్కడిది? మళ్ళీ ఊదాను. మళ్ళీ వచ్చింది. ఈసారి చప్పుడుతో... కుయ్... కుయ్.

పైపు వదిలేశాను. నేను ఊదకపోయినా... ట్యాంకు ఊపిరి తీస్తూనే ఉంది.

మంగ దగ్గర మాత్రం చప్పుడు లేదు. ఈల లేదు. దగ్గు లేదు. తల తిప్పి చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

"ఏమే," అన్నాను. "ఏమే... మంగా..."

"ఉన్నాలేవయ్యా. ఎందుకట్టా వణుకుతావు? పైపు తగిలించు, పోదాం."

ఒకే గుక్కలో అంది. బండి ఒక్క కిక్కుకే స్టార్టయింది. దారంతా నా మోకాళ్ల నడుమ... కుయ్... కుయ్.

ఆసుపత్రిలో డాక్టరమ్మ మంగకు స్టెతస్కోపు పెట్టి విని, "ఛాతీ శుభ్రంగా ఉందమ్మా, ఎందుకొచ్చారు?" అంది.

తర్వాత మెకానిక్ ట్యాంకు విప్పి కుదిపాడు. నల్లటి పొరలు రాలాయి, అంతే. "పాత ఇనుముకి పడేయి బాబాయ్, కొత్తది వేద్దాం," అన్నాడు. కొత్తది వేయించాను. పాతది మాత్రం ఇంటికి తెచ్చి, మూత బిగించి, అటక మీద పెట్టాను.

మంగకు ఆయాసం మళ్ళీ రాలేదు. హాయిగా నిద్రపోతుంది. ఆ ట్యాంకులోకి పోయిందేమిటో నాకు తెలియదు. పడేస్తే ఎక్కడికి పోతుందో... ఎవరిలోకి పోతుందో...