మూత విప్పిన బకెట్టు

మా కూనింగాన్ వీధిలో పక్కింటి కార్సి పెట్టే తపే, అదే ఊరబెట్టిన తీపి అన్నం, తినకపోతే రంజాన్ పండగ వచ్చినట్టే ఉండదు. జిగురు బియ్యం ఆవిరి మీద ఉడికించి, చల్లార్చి, అన్నం ఊరడానికి తపే బిళ్ళ పొడి చల్లి, జంబు అనే నీటిజామ చెట్టు ఆకుల్లో పొట్లాలు కట్టి బకెట్టులో మూత పెడుతుంది. పండగనాటికి రసం ఊరి, నోట్లో వేసుకుంటే కరిగిపోతుంది. మనిషి మాత్రం అనుమానాల పుట్ట. తన కోడి గుడ్డు పెట్టకపోతే మా పుంజును నిలదీసే రకం.

ఈ ఏడు మొదటి బకెట్టు పులిసి కంపు కొట్టింది. ఇంకేముంది, కొత్త కోడలు నినింగ్ మీద పడింది. పొడి చల్లేటప్పుడు నోరు విప్పకూడదు, మనసులో మలినం ఉండకూడదు, బయట చేరినవాళ్ళు ముట్టకూడదు. అది మా దగ్గర ఆనవాయితీ.

"బయటున్నావు కదే? దాచావు కదూ?"

"ఉపవాసాలుంటున్నాను కదత్తమ్మా! బయటుంటే ఉంటానా?"

"చాటుగా తింటున్నావేమో, ఎవరు చూశారు? సముద్రపు ఒడ్డు పిల్లవి, మీ దగ్గర చేపలే గానీ ఆచారాలేవీ?"

కొడుకు దార్సా బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. నాకు ఒళ్ళు మండింది. చివరికి కార్సి తీర్పు చెప్పింది: రెండో బకెట్టు నినింగ్ ఒక్కతే పెట్టాలి. అదీ పులిస్తే పండగ ముందే పుట్టింటికి పోవాలి.

నినింగ్ పెదవి విప్పకుండా పొడి చల్లింది. ఆకులు మా చెట్టువి కనక, వాడుక ప్రకారం నాలుగు పొట్లాలు చిన్న డబ్బాలో పెట్టి, గట్టిగా మూత బిగించి నాకిచ్చింది. నేను దాన్ని అటక మీద పెట్టి మర్చిపోయాను.

కార్సి మర్చిపోతేగా! మా వసారాలోంచి చూస్తూనే ఉన్నాను. కోడలు బావి దగ్గరికెళ్తే చాలు, మూత తీసేది. ఉపవాసం కనక రుచి చూడలేదు, వాసన చూసేది. ఒక పొట్లం విప్పి, వేలితో నొక్కి, మళ్ళీ చుట్టేది. "దాని చెయ్యి మంచిది కాదు మాస్టారూ, చూడండి మీరే," అనేది.

అదీ పులిసింది. ఆ సాయంత్రం నినింగ్ మూట కట్టుకుని గడపలో కూర్చుంది, బస్సు కోసం. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

మసీదులో పిలుపు వినబడి ఉపవాసం విడిచాక నాకు అటక మీది డబ్బా గుర్తొచ్చింది. దాన్ని పట్టుకెళ్ళి కార్సి ముందు తెరిచాను. తింది. ఇంకోటి తింది.

"చక్కెర కలిపారు కదూ మాస్టారూ?"

"నీ మొహం! అదే అన్నం, అదే చెయ్యి. ఆ బిళ్ళలో ఉన్నవి ప్రాణాలమ్మా. అన్నాన్ని చక్కెర చేసుకుని, దాన్ని విరిచి బలం తీసుకుని బతుకుతాయి. నీ ఒంట్లో ప్రతి కణమూ చేసే పనే అది. గాలి దొరికితే చక్కెరను చివరిదాకా విరుస్తాయి. దొరక్కపోతే సగంలో ఆపేస్తాయి. ఆ మిగిలిన సగమే తపే ఘాటు. నువ్వు మూత తీసినప్పుడల్లా గాలి దూరింది. ఆ గాలికి వేరే క్రిములు పెరిగి, ఘాటునంతా పులుపు చేశాయి."

"అంటే నేనా చెడగొట్టింది?"

"మొదటి బకెట్టు మూత తీయలేదా?"

వీధి చివర బస్సు హారను మోగింది. నినింగ్ లేచింది. కార్సి ఒక్క అంగలో వెళ్ళి మూట లాక్కుంది. "పండగకింకా టైముంది. మళ్ళీ పెడదాం," అని ఖాళీ బకెట్టు ముందుకు తోసింది, కోడలి మొహం చూడకుండా.

"ఈసారి మూతకు తాడు నేను కడతాను," అంది నినింగ్. "పండగ దాకా మీరు విప్పి అనుమానంగా చూడకూడదు."

"సరేలేవే."

"బకెట్టునే కాదత్తమ్మా. నన్ను కూడా అలా చూడకూడదు."

బస్సు వెళ్ళిపోయింది. కార్సి చూరులోంచి తాడు తీసి కోడలి చేతిలో పెట్టింది.