గలగలమన్న అట్టపెట్టె

విజయనగరంలో ఉన్న మా చెల్లికి ఏటా ఆవకాయ జాడీ రైల్లో పంపేదాన్ని. జాడీ చుట్టూ పాత నేత చీర రెండు మడతలు, దానిమీద గడ్డి, ఆపైన గోనె. సందు కనపడితే పేలికలు కూరి కుట్టేదాన్ని. ఇన్నేళ్లలో ఒక్క జాడీ పగల్లేదు. పెట్టె ఎత్తితే లోపలి వస్తువు కదలకూడదు. కదిలిందంటే, కట్టినవాడు అది తనది కాదనుకుని కట్టాడన్నమాట.

ఈ హిందీ ఊళ్లో ఉక్కు ప్లాంటులో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మా ఆయనకు ఆ ఏడు ఊపిరి బాగా చెడింది. ఇక బండి నడపొద్దని డాక్టరు ఖండితంగా చెప్పేశాడు. ఏటా మిషన్లకూ బండ్లకూ చేసే విశ్వకర్మ పూజ నాడు మా పాత కారు కడిగి, బొట్టు పెట్టి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పవర్ హౌస్ బజారుదాకా తిప్పేవారు. అక్కడ నాకు వేడి జిలేబీ.

"ఈ ఒక్క పూజకీ తిప్పుతాను. తరవాత తాళాలు నీకిచ్చేత్తాను" అన్నారు. సరేనన్నాను.

తీరా చూస్తే, ఆవు కొమ్ము తగిలి ముందు లైటు అద్దం పగిలి ఉంది. పవర్ హౌస్ దుకాణాలన్నీ తిరిగారు. "అంకుల్, యే మోడల్ బంద్ హో గయా" అన్నారు అందరూ, ఆ రకం రావడం మానేసిందట. చివరికి పక్క క్వార్టరు అమ్మాయి కంప్యూటర్లో వెతికి ఢిల్లీ నుంచి తెప్పించింది.

పూజకు పది రోజుల ముందే పెట్టె వచ్చింది. ఆ అమ్మాయి పరుగున వచ్చింది.

"పెద్దనాన్నా, ఖోల్‌కే చూడండి. టూటా ఉంటే, పగిలి ఉంటే ఏడు రోజుల్లో చెప్పాలి. అప్పుడే వాపస్ తీసుకుంటారు."

"దేవుడికి సూపించకుండా బండి సామాను ఇప్పుతారేటే? ప్లాంటులో కొత్త మిషనొస్తే కొబ్బరికాయ కొట్టకుండా బోల్టు ముట్టేవోళ్లం కాదు."

"మీ ప్లాంటు మిషన్ కొరియర్లో రాలేదు కదా!"

ఆయాసపడుతూనే నవ్వారు. పెట్టెకు బొట్టు పెట్టి దేవుడి గూటి కింద ఉంచారు.

మర్నాడు ఊడుస్తూ పెట్టె ఎత్తాను. గలగలమంది. మరలేమో, అవే కదులుతున్నాయేమో అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ పూట ఆయన పెట్టె వంక చూస్తూ గంజి రెండోసారి అడిగి తాగారు. ఎన్నాళ్లకో అలా అడిగారు. ఎలా చెప్పను? ఆ రోజునుంచి పెట్టెను కదపకుండా చుట్టూ ఊడ్చాను. ఏడు రోజులూ అలాగే వెళ్లిపోయాయి.

పూజ నాడు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కొబ్బరికాయ కొట్టారు. చాకుతో పెట్టె కోశారు. ఒకే ఒక్క వరస హిందీ పేపరు చుట్టి ఉంది. అందులో అద్దం ముక్కలు. పక్కమ్మాయి పెట్టె పంపిన ఢిల్లీ వాళ్లకు ఫోను చేసింది. గడువు దాటిందన్నారు.

"పగలే కదండీ, అద్దం లేకపోతే ఏటి? ఒక్క చుట్టు తిప్పండి" అన్నాను.

"గుడ్డి బండిని పూజ నాడు తియ్యకూడదే."

కాసేపు ముక్కలు ఏరుతూ కూర్చున్నారు. తరవాత తలెత్తకుండానే అడిగారు.

"ఊడిసినప్పుడు ఎత్తినావు గదా. ఇన్నావా?"

నేను చీపురు అందుకుని గాజు పొడి ఊడవసాగాను.

"నానూ ఇన్నాన్లే. వచ్చిన నాడే."

"మరి చెప్పలేదేటండీ?"

"వీధంతా జిలేబీ జిలేబీ అని చెప్పుకుంటన్నావు. ఎలాగ చెప్పేది?"

ఆ పెట్టె అట్టనే గుండ్రంగా కోసి, లైటు గుంటకు టేపుతో అతికించి, దానికీ బొట్టు పెట్టారు. తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆ చలికాలం దాటలేదు ఆయన.

కారు ఇప్పటికీ క్వార్టరు ముందే ఉంది. చిరునామా ఉన్న వైపు బయటికి పెట్టి అతికించారు కాబట్టి, ఆ అట్టమీద ఆయన పేరు కనపడుతుంది. ఎండకు అక్షరాలు వెలిసిపోతున్నాయి. ఎండెక్కినా మబ్బు పట్టినా వెళ్లి దానిమీద గుడ్డ కప్పి వస్తాను. పాత నేత చీర, రెండు మడతలు.