సారు రాయని ఉత్తరం

నేను బడికి పోయినవాణ్ణి కాను. అంగట్లో కట్టిచ్చిన పొట్లాల కాగితాలు విప్పి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. అందుకే చదువుకున్నవాళ్లు చదవకుండా సంతకం పెడితే నాకు ఒళ్లు మండుతుంది. ఈ వయసులోనూ మండుతోంది.

నా కూతురి కూతురు ముదిగుబ్బ పక్కన మా ఊళ్లో, నా దగ్గరే పెరిగింది. భూగర్భ జలాల మీద పరిశోధన చేయాలని విదేశంలోని ఒక విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెట్టుకుంది. మా ఎండిన బోరే ఆమెకు ఆ చదువు మీద మనసు పుట్టించింది. సెలవుల్లో తాడుకు రాయి కట్టి, ఊరి బావులన్నిటిలో దించి, నీళ్లు ఎంత లోతుకు పోయాయో చూసి వచ్చేది. గొర్రెలు కాసేవాళ్లు నవ్వేవాళ్లు. "నీళ్లు తోడల్లంటే రాయి కాదు పాపా, బక్కెట కట్టల్ల!"

పిల్ల ఎటువంటిదో పాఠం చెప్పిన గురువే రాసి పంపాలని ఆ విశ్వవిద్యాలయం వాళ్లు అడిగారు. మా వైపు కాలేజీల్లో ఒక ఆచారం పడిపోయింది. ఆ ఉత్తరం పిల్లలే రాసుకుపోతారు, సారు తన పేరుతో పంపిస్తాడు. ఈమె రాసుకుపోయింది, ఆయన పంపాడు.

వేరుశనగ విత్తే కాలానికి, సీటు లేదని జవాబు వచ్చింది. ఆమె ఏడవలేదు. గొర్రెలకు నీళ్లు పెట్టి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. సారు పేరుతో పోయిన ఆ ఉత్తరంలో ఏముందో చెప్పమన్నాను. ఇంగ్లీషులోది తెలుగు చేసి చదివింది. వేళకు వస్తుంది, అణకువ గలది, పెద్దలకు ఎదురు చెప్పదు. అంతే.

"బావుల మాట యాడ పాపా?"

"నా గురించి నేనే ఎట్ల చెప్పుకునేది తాతా? గొప్పలు పోయినట్ల ఉండదా?"

మా ఇళ్లల్లో ఆడపిల్లలు అట్లాగే పెరుగుతారు. కానీ రాయవలసింది ఆమె కాదు కదా!

మరునాడు బస్సెక్కి అనంతపురం పోయి, ఆమె చదివిన కాలేజీ వరండాలో సారును పట్టుకున్నాను.

"ఏమప్పా సారూ, మా పాప నీకు ఎప్పుడూ ఎదురు చెప్పలేదా?"

ఆయన నవ్వాడు. "ఎందుకు చెప్పలేదు పెద్దాయనా! వానల్లేక బోర్లు ఎండుతాయని నేను పాఠం చెప్తాంటే లేచి నిలబడింది. కాదు సార్, పక్క చేన్లో ఇంకా లోతుకు ఏసినందుకు మా బోరు ఎండింది, కొలిచి చూసినా అనింది. అట్లాంటి పిల్ల మళ్ల రాలేదు నాకు."

"మరి ఎదురు చెప్పదని పంపిస్తివే. చదివినావా దాన్ని?"

నవ్వు ఆగిపోయింది. "అందరూ అట్లనే రాసుకొస్తారు పెద్దాయనా. ఇంతమందికి నేనెన్నని రాయల్ల?"

"ప్రశ్న అడిగే పిల్ల కావాలని వాళ్లంటే, నోరెత్తని గొర్రెను చూపిస్తివి కదప్పా!"

వరండాలో పిల్లలు ఆగి చూశారు. సారు తల వంచుకుని, వచ్చే ఏడు తప్పక తానే కూర్చుని రాస్తానన్నాడు.

ఆ మాట సంబరంగా మోసుకొచ్చి చెప్పాను. ఆమె ముఖం నల్లబడింది.

"సార్‌ను అందరి ముందర నిలబెట్టి అడిగినావా తాతా? కొట్లాడి రాపిచ్చుకున్న మాట నాకెందుకు?"

"నిజమే కదమ్మా అది?"

"నిజమే. అయినా అది ఆయనంతట ఆయనకే తోచల్ల గదా."

సారు మాట తప్పలేదు. మరుసటి ఏడు తానే రాసి, ఎక్కడికి పంపమంటావని ఫోన్ చేశాడు. అప్పటికే ఆమె పుట్టపర్తిలో ఒక లాడ్జీలో పనికి కుదిరింది. "యాడికీ వద్దు సార్" అని ఫోన్ పెట్టేసి, బస్సుకు వేళైందని చెప్పులు తొడుక్కుంది.