జాయింటు జాయింటుకీ గ్రీజు

మిషన్లకు బొట్టు పెట్టి కొలిచే విశ్వకర్మ పూజ అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఉక్కు ఫ్యాక్టరీ ఊరైన భిలాయిలో పుట్టి పెరిగినవాడు ఈ మాట అనకూడదు, అయినా అంటాను.

తొంభైల చివరి మాట. కంప్యూటర్లకు కేబుల్ వేసే పని నేర్చుకుని, నేను సొంతంగా సంపాదించుకున్న మొదటి ఆఫీసు పవర్ హౌస్ బజారులో లారీల ట్రాన్స్‌పోర్టు వాళ్ళది. ఆరు కంప్యూటర్లు. అన్నిటినీ కలుపుతూ ఒకటే నల్ల కేబుల్. ఎక్కడ ఒక్క జాయింటు చెడినా ఆరూ పడకేస్తాయి. పూజ మర్నాడు సాయంత్రం నాలుగింటికి వచ్చి చూస్తానని, అంతా నడిస్తే తన మిగతా రెండు ఆఫీసులూ నాకే ఇస్తానని, లేకపోతే రాయపూర్ పార్టీని పిలుస్తానని సేఠ్ ముందే తేల్చి చెప్పాడు.

పూజ ముందు రోజు అన్నీ బ్రహ్మాండంగా నడిచాయి. వారం రోజులు బల్లల కింద పాకిన ఒళ్ళు నొప్పులతో, ఆఫీసులో పూజకు నా బదులు నాన్నను పంపించి కోహ్కాలో ఇంట్లోనే పడుకున్నాను.

పూజ మర్నాడు పొద్దున వెళ్ళేసరికి మానిటర్ల మీద కుంకుమ బొట్లు, బంతిపూలు. ఆరింటిలో ఒక్కటీ ఇంకోదాన్ని గుర్తుపట్టడం లేదు. లోపలి నెట్‌వర్క్ కార్డులు మార్చాను. ఎలుకలు కొరికాయేమోనని కేబుల్ పొడవునా తడిమాను. గుమాస్తా దీదీ గంటకోసారి వచ్చి "హువా క్యా, భయ్యా?" అంటూ అయిందా అని ఆరా తీస్తుంటే, ఆవిడ నెత్తిన ఆ మానిటరే పడెయ్యాలనిపించింది. ఒంటిగంటకు విసిగిపోయి ఒక జాయింటు ఊడదీశాను. వేళ్ళకు చిక్కటి నల్ల గ్రీజు అంటుకుంది. రెండోది తీశాను. అందులోనూ అంతే, లోపలి రాగి సూది మునిగిపోయేలా కూరి ఉంది.

సెక్టర్ నాలుగు క్వార్టర్లో ఉన్నన్నాళ్ళూ మా ఇంటి తలుపు వెనక తగిలించిన నాన్న డ్యూటీ చొక్కా ఆ వాసనే వేసేది. నాన్న ప్లాంటులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు.

సరిగ్గా అప్పుడే ఆయన నాకు క్యారేజీ పట్టుకొచ్చాడు.

"ఇందులో గ్రీజు నువ్వే పెట్టినావేటి?"

"అవున్రా. పూజనాడు మిషన్‌కి గ్రీజు ఎట్టకపోతే ఎలగ? ఒక్క జాయింటూ వదల్నేదు," అన్నాడు సంబరంగా.

"ఇది మిల్లు కాదు నాన్నా! తెలీనప్పుడు ఎందుకు ముట్టుకుంటావు? నా బతుకు తగలెట్టేసినావు!"

ఆఫీసంతా వినేలా అరిచాను. నాన్న బయటికెళ్ళి సీసాలో కాస్త పెట్రోలు తెచ్చాడు. నేల మీద బాసింపట్టు వేసుకుని, నేను తీసిచ్చిన ప్రతి జాయింటునూ గుడ్డపీలికతో లోపలి దాకా తుడిచాడు. నాలుగుకు పది నిమిషాలు ఉందనగా ఆరూ లేచాయి.

దీదీ చెప్పినట్టుంది, సేఠ్ వస్తూనే, పొద్దున్నుంచీ ఎందుకు ఆగిపోయిందని నన్ను నిలదీశాడు. నేను నోరు తెరిచేలోగా నాన్న లేచి నిలబడ్డాడు.

"గల్తీ మేరా హై, సేఠ్‌జీ. లడకా బోలా థా, మత్ ఛూనా. హమ్ నహీ సునా."

తప్పు తనదేనట, ముట్టుకోవద్దని అబ్బాయి చెప్పాడట, తనే వినలేదట. సేఠ్ నవ్వి నా భుజం తట్టాడు. రెండు ఆఫీసులూ నాకే వచ్చాయి.

ముట్టుకోవద్దని నేను చెప్పనే లేదు. పూజనాటి పొద్దున చెప్పులేసుకుంటూ నాన్న, "ఆ జాయింట్లకి ఏటి ఎయ్యాల్రా?" అని అడిగాడు. దుప్పటి ముసుగు కూడా తియ్యకుండా, "నీకు తోచింది వెయ్యి, నన్ను పడుకోనీ," అన్నాను.