కళ్లద్దాలు పెట్టుకున్న కోపం

ఆ రోజుల్లో మెదక్‌లో నాకన్నా బక్కగా ఉన్నది కరెంటు స్తంభం ఒక్కటే. (ముందే ఒప్పుకుంటున్నాను, నేను పెంచి చెబుతాను. మా ఇంట్లో నా మాటలో సగం తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ సగం చేసి నమ్ముతారు. మీరూ అలాగే చదవండి.) ఒక ప్రైవేటు బడిలో డ్రాయింగ్ సారుగా చేరి ఏడాది కావస్తోంది. హోలీ తర్వాత పర్మనెంట్ చేస్తానని బడి నడిపే పెద్దసారు మాటిచ్చారు. ఆ మాట తప్ప నా దగ్గర ఇంకే ఆస్తీ లేదు. అది ఎక్కడ జారిపోతుందోనని ఆయన ముందు తుమ్ము కూడా ఆపుకునేవాణ్ణి. పొద్దున ప్రార్థనలో ఆయన కనుబొమలు ముడిస్తే ఊళ్లోని పెద్ద చర్చి మీది పావురాలు లేచి ఎక్కడో దూరాన ఉన్న అల్లాదుర్గ్‌లో వాలేవి మరి.

సోషల్ చెప్పే ఆయనను గ్లోబు సారు అనేవాళ్లం. చాయ్ తాగడానికి పోయినా చంకలో గ్లోబు ఉండాల్సిందే. స్పెయిన్‌లోని వలెన్సియా పట్టణమంటే ఆయనకు పిచ్చి. "ఆడ మార్చి నెలొస్తే గల్లీ గల్లీకి ఇల్లంత బొమ్మలు నిలవెడ్తరు బై! కట్టె, కాయితం, గంతే. లీడర్లను, పెద్ద పెద్దోళ్లను ఎక్కిరిస్తరు. మధ్యాహ్నం పటాకులు పేలిస్తే భూమి అదురుతది. ఆడోళ్లు పట్టు గౌన్లేసుకొని పూలు పట్కపోతే, గా పూలతోనే మరియమ్మకు పెద్ద కొంగు అల్లుతరు. ఆఖరి దినం బొమ్మలన్నీ కాలవెడ్తరు. ఎవలు గుస్స కారు, కోపమే రాదు!" మన కాముని దహనం కూడా ఇంచుమించు అప్పుడే కదా, బడిలో మనమూ ఒక బొమ్మ కాలుద్దామని ఆయనే పెద్దసారు చెవిన వేశాడు. పెద్దసారు వెంటనే ఒప్పుకున్నారు. "పోరగాండ్లకు కోపం ఎక్కువైంది. కోపం బొమ్మ చేయుండ్రి. నేనే అంటిస్త."

వెదురు, గడ్డి, పాత పేపర్లు, మైదా జిగురు. మూడు రోజుల్లో పదిహేను అడుగుల (సరే, ఆరడుగుల) కోపాన్ని నిలబెట్టాను. చివరి రోజు మధ్యాహ్నం బడి ఆయమ్మ ఊడ్వడానికి గదిలోకి వచ్చి, చీపురు వెనక దాచుకుని "నమస్తే సార్" అంది. నాకు కాదు, బొమ్మకు! దగ్గరికెళ్లి చూసి, "అయ్యో, బొమ్మనా! పెద్దసారే అనుకుంటి గద" అని నాలుక కరుచుకుంది. నా గుండె జారి చెప్పుల్లో పడింది. కోపమంటే నాకు తెలిసిన ముఖం ఒక్కటే. నా చేతులు నన్నడగకుండా అదే చేసేశాయి, నుదుటి మీదికి నెట్టిన కళ్లద్దాలతో సహా. గబగబా మీసం పీకాను, పోలిక ఇంకా పెరిగింది. కొమ్ములు పెట్టాను, కొమ్ములున్న పెద్దసారు తయారయ్యారు. కళ్లద్దాలు లాగితే ముక్కు కూడా వెంట వచ్చేలా ఉంది. ఈలోగా బడి విడిచే గంట కొట్టారు, బొమ్మను మైదానంలోకి మోసుకుపోయారు.

పెద్దసారు అగ్గిపుల్ల గీశారు. తలెత్తి చూశారు. పుల్ల వేళ్ల దాకా కాలి ఆరిపోయింది, ఆయన చేయి మాత్రం దిగలేదు. మూడొందల మంది పిల్లలు ఒకసారి బొమ్మను, ఒకసారి ఆయన్ను చూశారు. నాకు నా పర్మనెంట్ ఆర్డరు ఆ బొమ్మతోపాటు కాలుతున్న వాసన అప్పుడే వచ్చేసింది.

"కోపానికి నా కళ్లద్దాలెందుకు?" అన్నారు.

నేను బొమ్మ వెనక్కి జరగబోయాను.

"చెప్పు, నేను పిల్లలకు గిట్లనే కనవడ్తనా?"

"పొద్దటి ప్రార్థనల మాత్రమే సార్!" అన్నాను ధైర్యంగా.

గ్లోబు సారు గ్లోబును బిడ్డలా హత్తుకుని ముందుకొచ్చాడు. "సార్, గా వలెన్సియాల జనం ఓట్లేసి ఏటా ఒక్క బొమ్మను బతికిస్తరు సార్. దాన్ని కాలవెట్టరు."

పెద్దసారు పిల్లల వైపు తిరిగారు. "ఉంచాల్ననేటోళ్లు చేతులెత్తుండ్రి." ఒక్క చేయీ లేవలేదు. "కాలవెట్టాల్ననేటోళ్లు?" అప్పుడూ లేవలేదు. ఆఖరికి వెనక నుంచి ఆయమ్మ చీపురు ఎత్తింది. "ఉంచుండ్రి సార్. మీరు లేనినాడు గిదాన్ని వరండల నిలవెడ్తే పోరగాండ్లు సప్పుడు జేయరు."

పెద్దసారు నవ్వారు. ఆయనకు పళ్లున్నాయని బడికి ఆ రోజే తెలిసింది. బొమ్మ బతికింది, నెల తిరిగేసరికి నా ఆర్డరూ వచ్చింది.

ఇందులో కల్పితం ఏదంటే, పావురాలు కావు, అవి కొంతైనా ఎగిరాయి. "పొద్దటి ప్రార్థనల మాత్రమే సార్" అన్న మాట ఆ రోజు నా నోట రాలేదు. ఆయన అడిగితే నేలచూపులు చూస్తూ నిలబడ్డాను. ఆ జవాబు సైకిల్ మీద ఇంటికి పోతుంటే సగం దారిలో తట్టింది. వెనక్కి తిరిగి పోదామా అని ఒక కాలు కింద పెట్టి ఆగాను కూడా. ఇన్నేళ్లుగా ఎవరికి చెప్పినా ఆ మాట అప్పుడే అన్నానని చెబుతున్నాను. ఒక్క పెద్దసారుకు తప్ప.