గడియ ఎటువైపు

విదేశంలో, పారమట్టాలో బాబాయి ఇంట్లో ఉండి ఆర్కిటెక్చర్ చదువుతున్న ఏసుమణి ముందుగదిలో కాలు పెట్టదు. అది బాబాయిదీ, ప్రార్థనకొచ్చే మగవాళ్లదీ. ఆ గది తలుపు గడియ కూడా అటువైపే. ఆమె రాకపోకలన్నీ వాషింగ్ మెషీన్ పక్కనున్న దొడ్డితలుపులోంచే, చెప్పులు చేతపట్టుకుని, భుజాలు ముడుచుకుని. యూనివర్సిటీ ప్రాజెక్టు కోసం, పుస్తకంలో బొమ్మ చూసి, పాతకాలపు కొరియా ఇంటి నమూనా అట్టముక్కలతో కట్టింది: ముందు మగవాళ్ల గదులు, వెనక ఆడవాళ్లవి, నడుమ గోడకి ఒకటే తలుపు.

"ఎంత పద్ధతైన మనుషులే!" అని బాబాయి మురిసిపోయాడు.

అదే అదనని, "బాబాయ్, యూనివర్సిటీ పక్కనే హాస్టల్లో ఉంటాను" అంది.

"ఇల్లుండగా హాస్టలేంటే?"

పిన్ని నమూనా మీదికి వంగింది. "పుస్తకం బొమ్మలో గడియ ఆడవాళ్లవైపుంటే, నువ్వు మగవాళ్లవైపు అంటించావేంటే?"

ఏసుమణి ఉలిక్కిపడి గోటితో పీకబోయింది. జిగురు అప్పటికే ఆరిపోయింది.